గోడవైపు తిరిగిన సీసా

పొద్దుగూకాక ఆ ఓడ అడుగుగదిలోకి ఎవరూ దిగేవారు కారు. కెప్టెన్ దిగమన్నా సరే, కడుపునొప్పి అనో కాలు బెణికిందనో తప్పించుకునేవారు. ఆ గదిలో వైన్ సీసాలుంటాయి. మనిషన్నవాడు లేనప్పుడు వాటిలో ఒకటి తనంతట తానే గోడవైపు తిరుగుతుంది... అని చెప్పుకునేవారు. ఆ ఓడలో పనిచేసినవాళ్లు చెప్పగా విన్న సంగతి ఇది.

ఓడ చిన్నది. రేవు రేవుకీ ఆగుతుంది. ప్రయాణికులు పగలంతా ఊరు, సంత, పాత మేడలు చూసొచ్చి, రాత్రికి ఓడలోనే ఆ ఊరి వంట తిని, ఆ ఊరి వైన్ తాగుతారు. చూసింది మరిచిపోయినా తిన్నది మరిచిపోని మనుషులు.

వైన్ పోసేవాణ్ణి అందరూ సీసాలాయన అనేవారు. భార్య ఉన్నన్నాళ్లూ ఆ పని ఇద్దరిదీ. భోజనాలకు ముందే ఆయన సీసాల మూతలు తీసి వరసగా పెట్టి, బల్లలు సర్దడానికి పైకి వెళ్లేవాడు. ఆమె ఒక్కొక్కటీ వాసన చూసేది. రెండుసార్లు, పొట్టిగా. పాడైన సీసా దొరికితే చీటీ అంటించిన దాని మొహం గోడకి తిప్పేసేది. మాటల్లేవు. గోడవైపు తిరిగింది పైకి రాకూడదు, అంతే.

కిందటేడు ఒక రేవులో ఇద్దరికీ ఒకే జ్వరం తగిలింది. ఆమెని తీసుకుపోయింది. ఆయన్ని వదిలేసింది గానీ, ముక్కు పట్టుకుపోయింది... ఏ వాసనా తెలియదు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ముక్కు పనిచెయ్యని సీసాలాయన్ని ఓడలో ఎవరుంచుకుంటారు?

ఆమె లేకుండా మొదటిసారి మూతలు తీసిన రాత్రి... పైకి వెళ్లి, తిరిగి దిగాడు. వరసలో ఒక సీసా గోడవైపు తిరిగి ఉంది.

ఆయన భయపడలేదు. మెట్టుమీద కూలబడి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. తర్వాత కూడా అదే వరస. పనివాళ్లు దెయ్యమని వణికిపోతుంటే, ఆయన ఆ దెయ్యం కోసమే పొద్దున లేచేవాడు.

చివరికి ఆశ ఆగలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆమెని చూడాలి. ఒక రాత్రి మూతలు తీశాక, మెట్లెక్కుతున్నట్టు చప్పుడు చేసి, దీపం ఆర్పేసి పెట్టెల వెనక నక్కాడు.

చీకటి. ఓడ పొట్టకి నీళ్లు తగులుతున్న చప్పుడు...

వంటగదివైపు చిన్న తలుపు కిర్రుమంది. చెప్పుల్లేని అడుగులు. ఒక ఆకారం సీసాలమీదికి వంగింది. వాసన చూసింది — రెండుసార్లు, పొట్టిగా.

సీసా చెక్కమీద గీసుకుంటూ తిరిగింది.

"ఏమే..." అన్నాడు గుసగుసగా. "ఒక్కసారి ఇటు తిరగవే."

ఆకారం సీసా మీంచి చెయ్యి తీసేసింది.

"బావా... నేను."

భార్య తమ్ముడు. ఓడలో వంటవాడు. ఆ వాసన చూడటం అక్క నేర్పిందే.

బావమరిది పెట్టెల వెనక్కి వచ్చి, ఆయన పక్కనే నేలమీద కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చాడు. జ్వరం తగ్గి బావ ఓడెక్కిన రోజున వంటగదిలోకి కుళ్లిన చేపల బుట్ట వచ్చిందట. అందరూ ముక్కులు మూసుకుని పరుగెడితే, బావ దాని పక్కనే కూర్చుని తాపీగా భోంచేశాడట. అప్పుడే అర్థమైంది. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని నోరెత్తలేదు.

"నువ్వు అక్క అనుకుంటున్నావని తెలియదు బావా. తెలిస్తే..."

"తెలిస్తే మానేసేవాడివి" అన్నాడాయన.

ఆ రాత్రి ఆయన పోసిన వైన్ గ్లాసు దాటి తెల్లటి బల్లగుడ్డ మీద ఒలికింది. ఆయనకు భార్య రెండోసారి పోయింది. మొదటిసారి జ్వరం తీసుకుపోయింది. ఈసారి తనే కాపు కాసి మరీ పోగొట్టుకున్నాడు.

మర్నాడు ఇంకో రేవు. రాత్రి మూతలు తీశాడు. వంటగది తలుపు దగ్గరకు వెళ్లి గట్టిగా దగ్గాడు. మళ్లీ వచ్చి దీపం ఆర్పి, సీసాలకి వీపు పెట్టి మెట్టుమీద కూర్చున్నాడు.

"తీసిపెట్టానే... చూడు" అన్నాడు చీకట్లోకి.

తలుపు కిర్రుమంది. అడుగులు దగ్గరకొచ్చాయి. రెండుసార్లు, పొట్టిగా... సీసా గీసుకుంటూ తిరిగింది.

ఆయన మెడ తిప్పలేదు. తిప్పితే బావమరిది కనిపిస్తాడు.