అక్క సిరా పెట్టని గుడ్డు

మా ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లు, పోయినవాళ్ల పేర్లు రాసే పని నాది. నాన్న జక్రయ్య గారు పర్చూరు మిషను బడిలో అయ్యవారు. ఆయన పెద్ద బైబిలు మొదట్లో ఉన్న ఖాళీ కాగితాల్లో ఎడమపక్క పుట్టుకలు, కుడిపక్క మరణాలు రాసేవాడు. ఆయన తర్వాత ఆ బైబిలు అక్కకి రావాలి. "నాకు నా రిజిస్టర్లు చాలు రెబ్కా, నువ్వే ఉంచుకో" అంది అక్క.

మా అక్క క్రిస్టీనా యూనివర్సిటీలో ముప్ఫై ఏళ్లు కోడిగుడ్ల మీద పరిశోధన చేసింది. గుడ్డులో పిల్ల ఎలా తయారవుతుందో, రెండో రోజు గుండె కొట్టుకోవడం ఎలా మొదలవుతుందో చూడటం ఆమె పని. ఎన్ని పత్రాలు రాసినా, ఎంతమంది పిల్లలు ఆమె దగ్గర డాక్టరేట్లు తీసుకున్నా, మా చుట్టాలకి మాత్రం గుడ్ల డాక్టరమ్మే. అక్క నవ్వి ఊరుకునేది.

"గుండె మొదలవటం గురించి చాలామంది రాశారే. ఎందుకు ఆగిపోతుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. నాకు అది కావాలి" అనేది.

ఎందుకు కావాలో నాకు తెలుసు. అక్కకీ నాకూ మధ్య అమ్మకి నలుగురు కడుపులోనే పోయారు. నాన్న గుడ్డలో చుట్టి చేను గట్టుకి తీసుకెళ్లేవాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి నీళ్ల చెంబు అక్క పట్టుకెళ్లేది. నాలుగుసార్లూ అక్కే. మొదటిసారి అక్కకి ఏడేళ్లు. వాళ్లని బైబిల్లో రాయవా నాన్నా అని అడిగిందట. "ఊపిరి పీల్చనివాళ్లకి పేరుండదమ్మా. పేరు లేనివాళ్లని ఇందులో రాయకూడదు" అన్నాడట ఆయన.

అక్క పనికి ఒక పద్ధతి ఉండేది. గుడ్డు పెంకు మీద సిరా వాడేది కాదు, లోపలికి ఇంకుతుందని. పెన్సిల్‌తో ఒక పక్క అడ్డగీతల గుర్తు, రెండో పక్క సున్నా పెట్టేది. రోజుకి మూడుసార్లు గుడ్లని తిప్పాలి. ఒకే పక్కన ఉంచేస్తే పిల్ల పెంకుకి అతుక్కుని చచ్చిపోతుంది. రిజిస్టర్లో కూడా గుడ్డుకొక వరస పెన్సిల్‌తోనే. లోపల గుండె ఆగిన రోజున ఆ వరస మీద సిరాతో దిద్దేది.

"పెన్సిలంటే ఇంకా ఉన్నట్టు. సిరా పెడితే అయిపోయినట్టు."

రిటైరయ్యాక పర్చూరు ఇంట్లో వెనకగది కిటికీలకి నల్ల కాగితం అంటించి అక్కడే పని సాగించింది. వెనకింటి యలమందయ్య నాటుకోళ్ల గుడ్లు తెచ్చిచ్చేవాడు.

మా అమ్మాయి శిల్పకి రెండుసార్లు అయిదో నెలలో కడుపు పోయింది. రెండోసారి అక్క ఆస్పత్రికొచ్చి, శిల్ప పాదం పట్టుకుని మంచం చివర కూర్చుంది. వెళ్లేముందు అంది. "మూడోదాన్ని నేను ఆగనివ్వను పిల్లా." ఓదార్పుకి అందనుకున్నాం.

ఈ మార్చి మొదటి వారంలో అక్క నిద్రలోనే పోయింది. మట్టి చేసొచ్చాక తేదీ రాద్దామని బైబిలు తెరిచాను. వచ్చేపోయే జనంలో పెన్ను దొరకలేదు. అక్క సంచిలో ఉన్న పెన్సిల్ తీసి రాశాను. తర్వాత సిరాతో దిద్దుదాంలే అనుకున్నాను. మర్చిపోయాను.

ఏప్రిల్లో జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, ఇల్లు సర్దుదామని శిల్పా నేనూ వెళ్లాం. శిల్పకి ఏడో నెల. ఆటోలో కుదుపులు వద్దంటే వినలేదు. మధ్యాహ్నం రెండైంది. పక్క దొడ్డినిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. యలమందయ్య మిరపకాయలు తిరగదోస్తున్నవాడల్లా వచ్చి తాళం తీశాడు.

"మెయిను నేనే తీసేశానమ్మగారూ, మట్టి చేసిన రోజే. ఊరికే కరెంటు కాలటం ఎందుకని."

"లోపల గుడ్లేమన్నా ఉండిపోయాయా?"

"ఉంటే ఈపాటికి ఆ కంపే చెప్పేది."

"పెద్దమ్మ గుడ్లు కంపు కొట్టవు బాబాయ్. పీహెచ్‌డీ చేసిన గుడ్లు అవి" అంది శిల్ప.

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. శిల్పని హాల్లో మడతమంచం మీద పడుకోబెట్టి నేను వెనకగదికి వెళ్లాను.

తలుపు తీయగానే మొదట తెలిసింది, మిర్చి ఘాటు లేదు. ఇల్లంతా ఉంది, ఆ గదిలో లేదు. గడప దాటితే వేరే వాసన. పొదిగే కోడి కింద చెయ్యి పెట్టినప్పుడు వచ్చే వాసన. తడి ఈకలు, వెచ్చని గడ్డి... అలాంటిది.

చీకటి. మధ్యాహ్నం రెండు గంటల చీకటి. తడుముకుంటూ వెళ్తే చేతికి అక్క పొదిగే పెట్టె తగిలింది.

వెచ్చగా ఉంది.

బల్ల మీద అక్క బ్యాటరీ లైటు ఉంది. వెలిగించి పెట్టె మూత అద్దంలోంచి చూశాను. ఏడు గుడ్లు. అన్నిటికీ అడ్డగీతల గుర్తు పైకి ఉంది. ఒకటి తీసి లైటుకి అడ్డం పెట్టాను, అక్క చూపించినట్టే. ఎర్రటి నరాలు, సాలీడు కాళ్లలా. నడుమ ఒక చుక్క. కొట్టుకుంటోంది.

అది మూడో రోజు గుడ్డు. అక్క పోయి నలభై మూడు రోజులు. ఇరవై ఒకటో రోజుకి ఏ గుడ్డయినా పిల్ల కావాలి, లేకపోతే కుళ్లిపోవాలి.

పక్కనే రిజిస్టరు తెరిచి ఉంది. పేజీ పైన అక్క చేతిరాతతో "ఇంటివాళ్లు" అని ఉంది. కింద ఏడు వరసలు. మొదటి నాలుగింటికీ అమ్మ పోగొట్టుకున్న నలుగురి సంవత్సరాలు. అయిదోదానికి, ఆరోదానికి శిల్ప ఆస్పత్రిలో ఉన్న తేదీలు. ఏడో వరసకి తేదీ లేదు. "శిల్ప, మూడోది" అని మాత్రం ఉంది.

అన్నీ పెన్సిల్‌తో.

"అమ్మా, కాసిని మంచినీళ్లు."

హాల్లోకి వెళ్లి సీసా అందించాను. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు. దానికెదురుగానే నిలబడ్డాను. శిల్ప తాగి సీసా తిరిగిచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లి లైటు వేశాను.

సున్నాలు పైకి ఉన్నాయి. ఏడింటికీ.

భయపడ్డానని చెప్పలేను. పన్ను పీకేముందు సూదిమందిస్తే దవడ మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్లంతా అలా అయింది. కుర్చీలో కూర్చున్నాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఒక్కటే తోచింది. అరవై ఏళ్లుగా వీళ్లని నాన్న రాయలేదు, అక్క వదల్లేదు. పుట్టలేదు, పోలేదు. ఎవరో ఒకరు రాసి ప్రభువుకి అప్పగించాలి. రాసే పని నాది.

కూడికలో పాటల నంబర్లు రాసుకున్న పెన్ను సంచిలో ఉంది. తీసి మొదటి వరస మీద దిద్దాను. లైటు పెట్టి చూశాను. ఒక గుడ్డు లోపల నల్లబడింది.

రెండో వరస దిద్దాను. ఇంకొకటి నల్లబడింది.

మూడు... నాలుగు... ఒక్కొక్కటే ఆగిపోతుంటే గదిలోకి మిర్చి ఘాటు సన్నగా రావడం మొదలైంది. అయిదు. ఆరు. కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి, ఘాటుకో మరెందుకో. చెయ్యి ఆ ఊపులో అలాగే కిందికి దిగింది. ఏడో వరస మీద పెన్ను మొన ఆనింది.

"అమ్మా..."

హాల్లోంచి. చాలా మెల్లగా.

"ఏంటే?"

"లోపల... కదలటం ఆగిపోయింది."

పెన్ను ఎత్తబోయాను. రాలేదు. కాగితానికి అతుక్కున్నట్టుంది. సిరా చుక్క పెద్దదవుతోంది.

అప్పుడు మెడ వెనక వెచ్చగా ఊపిరి తగిలింది.

"తియ్యి, రెబ్కా."

విద్యార్థుల చెయ్యి తప్పినప్పుడు అక్క అలాగే చెప్పేది. గొంతు పెంచకుండా.

పెన్ను లేచింది. ఏడో గుడ్డులో చుక్క కొట్టుకుంటూనే ఉంది.

"ఆఁ... తన్నాడమ్మా" అంది శిల్ప. "వెధవ, ఎంత భయపెట్టాడో."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. పెట్టె మూత వేశాను.

చల్లబడిన ఆరింటినీ తువాలులో చుట్టి పెరట్లో పాతాను. చేతులు కడుక్కుంటానంటే శిల్ప చెంబుతో నీళ్లు పోసింది. ఏం పాతానని అడగలేదు. ఏడోదాన్ని పెట్టెలోనే ఉంచి గదికి తాళం వేశాను.

ఇంటికొచ్చి బైబిల్లో ఆరుగురిని రాశాను, పేర్లు లేకుండా. తర్వాత అక్క తేదీ మీద సిరా పెట్టబోయాను. అక్కని కూడా పంపించేస్తే ఆ ఏడోదాన్ని తిప్పేదెవరు? పెన్నుకి మూత పెట్టేశాను.

జూన్‌లో శిల్పకి మగపిల్లాడు పుట్టాడు. మూడు కిలోల వంద గ్రాములు. బాగానే ఏడ్చాడు. ఉదయ్ కుమార్ అని పేరు పెట్టారు. బైబిల్లో ఎడమపక్క వాడి పేరు పెన్సిల్‌తో రాశాను.

ఇప్పుడు నవంబరు. చేలల్లో పత్తి తీస్తున్నారు. నెలనెలా అంగన్‌వాడీ టీచరు ధనశ్రీ వచ్చి పిల్లాణ్ణి తూస్తుంది. మూడు కిలోల వంద గ్రాములు. నెలనెలా అంతే. "తక్కెడ పాడైందండీ, కొత్తదానికి రాశాను" అంది. పోయిన వారం కొత్తది వచ్చింది. మూడు కిలోల వంద గ్రాములు. ధనశ్రీ పుస్తకంలో రాసుకుని, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె చక్కగా కొట్టుకుంటోంది, బెంగపడకండి అన్నారు.

శిల్ప బెంగపడటం లేదు. రెండు పోగొట్టుకున్న పిల్ల. "బుద్ధిమంతుడమ్మా, గోళ్లు కూడా పెంచడు, నన్ను గీరకుండా" అంటుంది. నేను తలూపుతాను. పెన్ను నా సంచిలోనే ఉంది.

పొద్దున వాణ్ణి కుడిపక్కకి పడుకోబెడతాను. మధ్యాహ్నానికి ఎడమపక్కకి ఉంటాడు. సాయంత్రం మళ్లీ కుడిపక్కకి. "చూశావా, అప్పుడే దొర్లుతున్నాడు" అని శిల్ప మురిసిపోతుంది. వాడికింకా మెడే నిలవలేదు.

నిన్న మధ్యాహ్నం మంచం పక్కనే కుర్చీ వేసుకుని రెప్ప వేయకుండా కూర్చున్నాను. వాడు నిద్రపోతున్నాడు. కాలూ చెయ్యీ ఏదీ కదల్లేదు. రెండు గంటలైంది. కోడి కింది వెచ్చదనం వాసన వచ్చింది.

వాడి వీపు పక్కన బొంత, అరచెయ్యంత మేర, మెల్లగా లోపలికి దిగింది.