పక్వం రాని కొడుకు

చెంగల్రాయుడికి డెబ్బై ఎనిమిదేళ్లు. తిరుత్తణిలో తమ వార్డుకి మూడుసార్లు కౌన్సిలరుగా గెలిచినవాడు. ఆ పొద్దున కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, కొడుకు దేవేంద్రన్‌ని పిలిచాడు.

“ప్రియంక బర్త్ సర్టిఫికెట్టు యాడ పెట్టినావురా? ఈసారి నామినేషన్ ఆ బిడ్డే వేస్తాది.”

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న దేవేంద్రన్ చేతులు ఆగిపోయాయి. అతనికి యాభై ఒకటి. పాతికేళ్లుగా తండ్రి పేరు మీద వార్డు పనులన్నీ చేసింది అతనే. ఇరవై ఆరో ఏట తాను నిలబడతానంటే, ‘నీకింకా పక్వం రాలేదు’ అన్నాడు తండ్రి. ముప్పై ఆరులోనూ అదే మాట. పోయిన ఎలక్షన్‌లోనూ అదే.

“మరి నేను, నాయనా?”

“కట్చిలో పార్టీ పెద్దోళ్లు పడుచోళ్లని అడుగుతా ఉండారు. నీకు వయసైపోయె గదరా.”

“నిన్నటిదాకా చిన్నోణ్ణంటివి. ఇయ్యాల ముసిలోణ్ణంటావు. నడాన నేను పెద్దోణ్ణయింది ఏ దినం? అది చెప్పు నాయనా.”

తండ్రి వాకిలి వైపు చూశాడు. “పదవి నీ చేతికిస్తే, ఈ వాకిట్లోకి నాకోసం వచ్చేవాడుండడని భయపడితిరా.”

ఆ మాట దేవేంద్రన్‌ని చల్లార్చలేదు, ఇంకా కాల్చింది. ఇంతలో గదిలోంచి అతని కూతురు ప్రియంక వచ్చింది. ఆమెకు పోటీకి కావలసిన ఇరవై ఒకటి నిండి నెలయింది.

“తాతనేమనొద్దప్పా. నిలబడతానని నేనే అడిగినాను.”

“నీకేం తెలుసునే? పక్వం లేని పిల్లవి.”

ప్రియంక తలొంచుకుంది. “సరేప్పా. యాభై ఒకటి నిండినాక అడుగుతాను.”

దేవేంద్రన్ కుర్చీలో కూలబడ్డాడు. తన నోట్లోంచి వచ్చింది తండ్రి గొంతే. చివరికి లేచి, బీరువాలోంచి సర్టిఫికెట్టు తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. తండ్రి వైపు చూడకుండానే ఆమెతో బయటికి నడిచాడు.

మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా, ప్రతిపాదించేవాళ్లు సంతకం పెట్టాలని కాగితం ముందుకు తోశాడు. దేవేంద్రన్ పెన్ను తీశాడు.

“నీకిది ఇష్టమేనా అప్పా?”

“లేదమ్మా.” అతని కళ్లు నిండాయి. “అయినా పెడతాను. ఇంట్లోవాళ్లే వద్దంటే కడుపు ఎట్లా మండతాదో నాకు తెలుసు. అది నీకొద్దు.”