అరంగుళం లోపలికి

గుల్షన్ కుట్టుకి ఏలూరు తంగెళ్ళమూడిలో వంక పెట్టిన ఆడది లేదు. నోటికైతే పెట్టేవారనుకోండి, అది వేరే సంగతి. జాకెట్టు కొలత తీస్తూనే "ఏమ్మా, ఈ యేడు మెట్టినింట్లో బాగానే పెడుతున్నట్టున్నారే" అని నవ్వుతూ అనేసేది. అంటూనే లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టేది. రేపు ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకోవచ్చు, మళ్ళీ కొత్తది కొనక్కర్లేదు. ఆ గుడ్డ వదలడం వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. కూతురి బట్టల్లోనూ అలాగే వదిలింది. కాకపోతే ఈమధ్య ఆ లోపలి గుడ్డ ఎక్కువవుతోంది.

ఆ ఉదయం ఉప్మా కలుపుతుంటే ఫర్హానా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. డిగ్రీ చివరి యేడు చదువుతోంది పిల్ల. చిలకాకుపచ్చ చుడీదారు వేసుకుని, పైన చున్నీ మెడ నుంచి మోకాళ్ళ దాకా చుట్టుకుంది.

"అమ్మీ, ఇది ఇంకా పట్టేస్తోంది. చెయ్యెత్తితే ఊపిరాడట్లేదు."

"తగ్గి ఉండవు" అంది గుల్షన్ గరిటె ఆపకుండా.

"ఏమీ తినట్లేదు కదమ్మీ."

"ఇంట్లో తినట్లేదు. కాలేజీలో ఏం తింటున్నావో నాకేం తెలుసు?"

ఆ మాట అనేసి గుల్షన్ మొహం తిప్పుకుంది. తెలియకేం, అన్నీ తెలుసు. ఉతికి ఆరేసిన ఆ చుడీదారుని మిషన్ మీద పెట్టి రెండు పక్కలా అరంగుళం లోపలికి కుట్టింది తనే. అది మొదటిసారీ కాదు.

రంజాన్‌కి ముందు తాడేపల్లిగూడెం నుంచి సంబంధం వచ్చింది. కుర్రాడు షాకిర్‌కి సొంతంగా ఫ్యాన్సీ షాపు ఉంది. అతని తల్లి తస్లీమ్ బిర్యానీ రెండోసారి వడ్డించుకుని మరీ తిని, చెయ్యి కడుక్కుంటూ, పిల్ల బంగారమేనండీ, కానీ మావాడి పక్కన నిలబెడితే అక్కలా ఉంటుంది, కాస్త ఒళ్ళు తగ్గించండి, బక్రీద్ అయ్యాక వచ్చి ఖాయం చేసుకుంటాం అంది. వచ్చినవాళ్ళందరూ నవ్వారు. మర్యాదకి గుల్షన్ కూడా నవ్వింది. తెర వెనక నిలబడ్డ పిల్లకి తల్లి నవ్వు వినపడింది.

ఆ రాత్రి భర్త అహ్మద్, మనిషిని మనిషిలా చూసేవాళ్ళే వస్తారు, తొందరేముంది అన్నాడు. అతను తివాచీలు నేసే మనిషి, మాట తక్కువ. గుల్షన్‌కి మండిపోయింది. ఏవండీ, మగ్గం ముందు కూర్చున్న మీకేం వినపడుతుంది, బస్తా అనీ డ్రమ్ము అనీ ఈ వీధి ఆడవాళ్ళు నా మిషన్ దగ్గర కూర్చునే అంటున్నారు అని దులిపేసింది. అదీ నిజమే. పిల్ల మీద ప్రేమ లేక కాదు, పిల్ల ఎక్కడ మిగిలిపోతుందోనన్న భయంతో ఆవిడకి నిద్ర పట్టేది కాదు. తిడితే పిల్ల మొండికేస్తుంది, అదే బట్ట బిగిస్తే తనంతట తనే నోరు కట్టుకుంటుంది అనుకుంది. పెళ్ళివారొచ్చే ముందురోజు కుట్లన్నీ విప్పేస్తే పిల్ల ఎంత మురిసిపోతుందో అని కూడా ఊహించుకుంది. ఎంత తెలివో చూడండి.

పిల్ల నిజంగానే నోరు కట్టుకుంది. రంజాన్ అయిపోయినా ఉపవాసాలు మానలేదు. సోమవారం, గురువారం అంటూ మొదలుపెట్టి, తర్వాత వారమంతా ఉండిపోయేది. దేవుడి పేరు మీద ఉంటున్న పిల్లని తిను అని ఎవరంటారు? చుట్టాలు మెచ్చుకున్నారు. పొద్దు గుంకాక ఒక ఖర్జూరం, గ్లాసుడు నీళ్ళు, అంతే. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. నెలసరి రావట్లేదమ్మీ అంటే, చలికాలంలే అని గుల్షన్ సర్దిచెప్పింది. ఒకసారి స్నేహితురాలు బస్టాండులో బరువు చూసే మిషన్ ఎక్కించి, ఇదేంటే సగమైపోయావు అందట. ఫర్హానా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది.

"ఆ మిషన్ పాడైనట్టుందమ్మీ. నీ కుట్టు అబద్ధం చెప్పదు కదా."

అప్పుడైనా గుల్షన్ ఆగాల్సింది. కానీ బక్రీద్ ఇంకెంతో దూరం లేదు, ఇంకొక్కసారి అనుకుంది. ఆ ఇంకొక్కసారే ఈ చిలకాకుపచ్చ చుడీదారు.

ఆ రోజే మధ్యాహ్నం అహ్మద్ కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌కి కాలేజీ నుంచి కబురొచ్చింది. పిల్ల మెట్ల మీద పడిపోయిందనీ, ఆసుపత్రికి తీసుకెళ్తున్నామనీ చెప్పారు. మొగుడూ పెళ్ళాం ఆటోలో వెళ్ళేసరికి లోపల మంచం చుట్టూ తెర కట్టి ఉంది. డాక్టరమ్మ బయటికొచ్చి, ఒంట్లో సత్తువ లేక గుండె లయ తప్పుతోంది, ఈ రాత్రి గడిస్తే గానీ ఏమీ చెప్పలేను అంది. పిల్ల లావని తిండి మాన్పించామని గుల్షన్ గొణిగితే ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది. తగ్గాలనుకుంటే వేళకి తిని రోజూ నడవాలమ్మా, ఆకలితో చంపుకుంటారా అంది.

పెద్ద నర్సు వీరరాఘవమ్మ గుడ్డల మూట తెచ్చిచ్చింది.

"పక్కన కత్తిరించాల్సొచ్చిందండీ. మరీ అంత బిగుతు బట్టలు వెయ్యకండి, ఊపిరి తీసుకోలేకపోయింది."

చిలకాకుపచ్చ చుడీదారు అహ్మద్ చేతిలో విచ్చుకుంది. కత్తిరించిన చోట లోపలి వైపు కనపడింది. ఒక కుట్టు పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన మరొకటి. పాత దారం వెలిసిపోయి ఉంది, చివరిది మాత్రం కొత్తగా మెరుస్తోంది. పుట్టినప్పటి నుంచీ దారంతో బతికినవాడు, అతనికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"ఇది నువ్వే చేశావా?"

గుల్షన్ తలూపింది.

"కాళ్ళ కింద పరిచే తివాచీ అంచు కోసేటప్పుడు కూడా నేను ముందు కొలిచి చూసుకుంటాను గుల్షన్. పిల్లని ఒక్కసారైనా కొలిచావా?"

కొలవలేదు. ఊరందరి నడుములకీ టేపు చుట్టిన మనిషి, ఇన్నాళ్ళలో కూతురి ఒంటికి ఒక్కసారి టేపు పెట్టలేదు. పెడితే నిజం తెలుస్తుంది, తెలిస్తే ఆపాలి. ఆ మాట అహ్మద్‌తో చెప్పే ధైర్యం లేక వరండాలో నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అహ్మద్ ఓదార్చలేదు. ఆ చుడీదారు మడిచి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తెల్లారేసరికి పిల్ల కళ్ళు తెరిచింది. ఆసుపత్రి గౌను భుజాల మీంచి జారిపోతోంది. ఆ వదులుని వేళ్ళతో పట్టుకుని చూసుకుంది. ఎండిన పెదాల మీదికి నవ్వొచ్చింది.

"లూజుగా ఉందమ్మీ. తగ్గానా?"

గుల్షన్ ఇక తట్టుకోలేకపోయింది. మంచం పట్టీ పట్టుకుని అంతా చెప్పేసింది. ప్రతిసారీ తనే బిగించానని, బట్ట తప్పే గానీ నీ తప్పేం లేదని వెక్కుతూ చెప్పింది. ఫర్హానా గౌను వదిలేసి పైకప్పు వంక చూసింది.

"అయితే బస్టాండులో మిషన్ నిజమే చెప్పిందా?"

"నిజమే చెప్పిందమ్మా."

"ఆ తాడేపల్లిగూడెం ఆవిడ అన్నందుకు నేను తిండి మానలేదమ్మీ. నువ్వు నవ్వావు. అందుకు మానేశాను."

అని గోడ వైపు తిరిగింది. ఇంటికి తెచ్చిన తర్వాత కూడా తల్లితో మాట్లాడలేదు. తండ్రి జావ తాగిస్తే రెండు గుక్కలు తాగేది, మూడోదానికి వాంతి అయ్యేది. డాక్టరమ్మ ముందే చెప్పింది, మనసు ఒప్పుకోనిదే ఒళ్ళు ఒప్పుకోదని. కడుపుకి ఆకలి తెలిసినా పిల్లకి తిండంటే భయం పోలేదు. గుల్షన్ మిషన్ మీద గుడ్డ కప్పేసింది. వీధి ఆడవాళ్ళు జాకెట్లు పట్టుకొచ్చి తిరిగిపోయారు.

బక్రీద్ వెళ్ళాక తస్లీమ్ ఫోన్ చేసింది. పిల్ల సన్నబడిందని విన్నామండీ, మంచిమాట, ఆదివారం వస్తాం అంది. పక్కగదిలో పిల్ల వింటోందని గుల్షన్‌కి తెలుసు. ఈసారి నవ్వలేదు.

"రావద్దండీ. మీ కొలతకి సరిపోయే పిల్ల మా ఇంట్లో లేదు. ఉన్న పిల్లని నేను పోగొట్టుకోబోయాను, అది చాలు" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత అల్మారాలో కూతురి బట్టలన్నీ తీసి నేల మీద పోసుకుంది. బ్లేడు పట్టుకుని ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టింది. విప్పిన చోటల్లా సూది చిల్లులు వరసలు తీరి ఉన్నాయి. దారం పోయినా అవి పోవు, కుట్టేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. కళ్ళనీళ్ళతో గుడ్డ కనపడక వేలు తెగింది.

ఫర్హానా ఎప్పుడొచ్చిందో వచ్చి ఎదురుగా నిలబడింది. మిషన్ సొరుగులోంచి టేపు తీసి తల్లి ముందు పెట్టింది.

"కొలువమ్మీ. నేనెంత ఉన్నానో నాకు తెలీట్లేదు. అద్దంలో చూసుకుంటే ఇంకా లావుగానే కనపడుతున్నాను."

గుల్షన్ టేపు అందుకుని లేచింది. ఎన్ని వేల నడుములు చూసిన చేతులో, ఆ ఒక్క నడుముకి చుట్టలేకపోయాయి. టేపు జారవిడిచి పిల్లని రెండు చేతులా చుట్టేసుకుంది. మొన్నటిదాకా చుట్టుకుంటే రెండు చేతులూ వీపు మీద కలిసేవి కావు, బొద్దుగా ఉండేది. ఇప్పుడు ఆ చేతులు పిల్ల చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ తన మోచేతులకే తగిలాయి. గుల్షన్ ఒక్కసారి భోరుమంది.

"ఎంతున్నాను?" అంది పిల్ల తల్లి భుజం మీంచి.

"ఏమీ లేవమ్మా. నా తల్లీ, నువ్వసలు ఏమీ మిగల్లేదు."

ఫర్హానా చేతులు చాలాసేపు కిందికే వేలాడాయి. తర్వాత మెల్లిగా లేచి తల్లి వీపు మీద ఆనాయి.

"జావ ఉందా అమ్మీ? కొంచెం. కొంచెమే పోస్తావా?"