నారాయణా స్టాపు

త్యాగరాజు గారికి కాఫీలో చక్కెర లేకపోయినా ఫరవాలేదు గానీ, మాటలో చమత్కారం లేకపోతే గుక్క దిగదు. దేశ రాజధానిలో, ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్సులో ఆ ఉదయమూ గ్లాసెత్తి చూశారు.

"దుర్గా, ఇది కాఫీనా, కాపీనా? అసలుది ఎక్కడ దాచావు?"

భార్య దుర్గాంబ నవ్వలేదు. ముందురోజు కూతురు ఇంద్రజ తప్పిపోయింది మరి.

కాలేజీలో ఉండగా ఇంద్రజకు స్కిజోఫ్రీనియా వచ్చింది. మందులతో చెవిలో గొంతులు కాస్త సద్దుమణిగినా, కొత్త మాట మనసులో నిలవడం లేదు. ఎలాగో నారాయణా అనే పేటలో, బట్టల మీద అచ్చులు వేసే చోట పని దొరికింది. బస్సెక్కి నారాయణాలో దిగాలి, అంతే. ఎక్కడికని కండక్టరు అడిగితే "గోవిందా" అంది! అతను గోవింద్‌పురీ అనుకుని, పాపం, ఎదురు బస్సు ఎక్కించాడు. ఊరికి రెండో కొస నుంచి ఎవరో ఫోన్ చేస్తే వెళ్ళి తెచ్చుకున్నారు.

"చెప్పమ్మా, ఎక్కడ దిగాలి? బాగా ఆలోచించు," అన్నారు త్యాగరాజు.

ఇంద్రజ చూపు గోడంతా వెతికింది. "గో... గోవిందా?"

"చూశావా! ఇక ఒంటరిగా పంపను. ఉద్యోగమూ వద్దు, మనకీ ఉద్వేగమూ వద్దు!"

"ప్లీజ్ నాన్నా. నాకా పని కావాలి," అంది ఇంద్రజ తల వంచుకుని.

దుర్గాంబ గిన్నె ఠక్కున దించింది. "ఆ గోవింద దాని నోట్లోకి ఎలా వచ్చిందనుకున్నారు? 'నారాయణా అను తల్లీ, లేకపోతే గోవిందా!' అని మొదటిరోజు పగలబడి నవ్వింది మీరేగా! డాక్టరమ్మ ఏం చెప్పిందండీ? మనం తప్పు చేసి నేర్చుకుంటాం, దీనికి ఆ తప్పే ముద్రపడిపోతుంది. అడగొద్దు, ఊహించనివ్వొద్దు, ముందు జవాబే చెప్పండి అనలా? మీ శ్లేష దాని ప్రాణానికి శోష!"

భార్య విసిరిన శ్లేషకు తొలిసారి ఆయనకు నవ్వు రాలేదు. లేచి వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నారు.

"మనం నారాయణాలో దిగుతాం."

"నారాయణాలో దిగుతాం."

"నారాయ..."

"...ణా."

కాసేపాగి "నారా..." అన్నారు. స్నానమయ్యాక "నా..." అన్నారు. భోజనాల దగ్గర ఊరికే నోరు తెరిచి ఆగారు, మిగతాది ఆమే పూర్తిచేయాలని. ఆమె తడబడబోతే, తప్పు పుట్టకముందే మాట అందించారు. నాలుక చివరి చమత్కారాన్ని మింగడం ఆముదం మింగినట్టే ఉంది. అయినా రోజురోజుకూ ఆమె నోట ఆ మాట, ఇసుక చెలమలో నీరు ఊరినట్టు, దానంతటది ఊరుతుంటే ఆయన విస్తుపోయి చూశారు. ఇన్నాళ్ళూ ఎండిపోయిందనుకున్న చోట ఇంత తడి ఉందా!

వారం తిరిగాక ఇంద్రజ ఒంటరిగా బస్సెక్కింది. ఆఫీసులో త్యాగరాజు ఫైలు తెరిచారు గానీ చదవలేదు. సెల్లు మోగింది.

"నాన్నా! నారాయణాలో దిగాను. పనిదగ్గరకి కూడా వచ్చేశా."

ఆయన ఫైలు మూసి పక్కకు జరిపారు.

"సునో నా, వినండి, బస్సులో ఒక ఆంటీ కూడా కొత్తే. తన స్టాపు ఎప్పుడొస్తుందో తెలీక కంగారుపడుతోంది. ఎక్కడికని నేను అడగలేదు నాన్నా, అడిగితే తప్పు చెప్పేస్తుందేమో! అందుకే ప్రతి స్టాపు పేరూ బోర్డు చూసి ముందే చెప్పేశా. తనది రాగానే దిగిపోయింది."

ఆఫీసంతా హోరెత్తించే మనిషి, ఫోను చెవికి అలాగే పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. 

"నాన్నా, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నువ్వు చెబుతూ ఉండు, నేర్చుకుంటున్నాను."