ఉయ్యాలలో ఊపిరి

నాగలత ఆలూరు దగ్గరి పల్లెలో బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరలు కొందరు పసిబిడ్డలకు పుట్టుకతోనే సన్నగా ఉంటాయి. చాలా అరుదైన జబ్బు. దాని మీద కర్నూలులో డాక్టర్ జయరాజ్ పరిశోధన చేస్తున్నాడు. ఆ బిడ్డల ఇళ్లకు వెళ్లి ఊపిరి లెక్కపెట్టి, రక్తంలో ఆక్సిజన్ కొలిచి రాసుకురావడం నర్సు నాగలత పని.

ఆ రోజు చూడాల్సింది శివకుమారి కొడుకుని. వాడికి నాలుగో నెల.

ఇల్లు చల్లగా, చీకటిగా ఉంది. విరిగిన పాల వాసన. దూలానికి కట్టిన చీర ఉయ్యాలను శివకుమారి అత్త గిడ్డమ్మ ఆగకుండా ఊపుతోంది. లోపల బిడ్డ రొప్పుతున్న చప్పుడు.

“శివకుమారి యాడికి పోయిందవ్వా?”

“కొళాయి కాడికి.” గిడ్డమ్మ గొంతు తగ్గించింది. “దాన్ని ముట్టద్దు తల్లీ. ఊపుతాంటే ఊరికే ఉంటాది.”

ఆస్పత్రి వాళ్లంటే ముసలామెకు భయం కాబోలు అనుకుంది నాగలత. ఉయ్యాలను పట్టి ఆపింది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి డెబ్బై నాలుగు. చెయ్యి లోపలికి పెట్టి, పాదం తడిమి, ఆక్సిజన్ కొలిచే సెన్సారు పట్టీ చుట్టింది. పాదం బావి నీళ్లంత చల్లగా ఉంది. మిషన్ మీద అంకె రాలేదు...

చిన్న వేళ్లు ఆమె చూపుడువేలిని పట్టుకున్నాయి.

అప్పుడే వాకిట్లో బిందె దించిన చప్పుడు.

“వచ్చి శానా సేపయిందా మేడమ్?” అంటూ శివకుమారి లోపలికొచ్చింది. చంకలో కొడుకు.

ఉయ్యాలలో రొప్పు ఆగింది. వేలి మీద పట్టు... మెల్లగా సడలింది. నాగలత ఉయ్యాల విప్పి చూసింది. ఎవరూ లేరు. పట్టీ మాత్రం బిగుతుగా, దేన్నో చుట్టుకునే ఉంది.

“వీడికి ముందు ఆడబిడ్డ,” శివకుమారి గోడవైపు తిరిగి గుసగుసలాడింది. “ఇట్లే రొప్పి రొప్పి పోయింది. అప్పుడు జబ్బు పేరు గూడా మాకెవరూ చెప్పలేదు.”

నాగలత పిల్లవాణ్ని కొలిచింది. ఊపిరి నిదానంగా ఉంది. ఆక్సిజన్ తొంభై ఏడు. ఇన్నాళ్లలో ఎనభై అయిదు ఎన్నడూ దాటలేదు. శివకుమారి కొడుకును గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. గిడ్డమ్మ ఏడవలేదు. నాగలత భుజం వైపే చూస్తూ నిలబడింది. నర్సు గడప దాటీ దాటకముందే చెంబెడు నీళ్లు తెచ్చి గడప కడిగేసింది, శవం లేచిన ఇల్లు కడిగినట్టు.

మర్నాడు పొద్దున్నే నాగలత కడప బస్సెక్కింది. అక్కడ సుజన అనే ఆమె కూతురిని చూడాలి. పుట్టి పందొమ్మిది రోజులు. అదే జబ్బు.

నంద్యాల దాటాక కిటికీలోంచి ఎండ ఒళ్లో పడింది. పక్క సీట్లో పెద్దామె తొంగి చూసింది.

“ఏమ్మా, బిడ్డ మొగాన ఎండ పడతాండాది. కొంగు కప్పు.”

నాగలత కిందికి చూడలేదు. చెయ్యి దానంతటదే లేచి కొంగు కప్పింది. కొంగు ఒళ్లో వాలలేదు... జానెడు ఎత్తున ఆగింది.