డిక్కీలో చోటు

ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో అందరికంటే ముందు తయారయ్యేది పెద్దావిడే. కోడలు ఇంకా కాఫీ కలుపుతుండగానే స్నానం ముగించి, తల నున్నగా దువ్వుకుని, చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ వీధి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చునేది. ఒళ్ళో చేతిసంచీ, అందులో అక్కకిష్టమైన బిస్కెట్ల పొట్లం. అక్క ఊరికి ఆ చివర ఉంటుంది. ఇద్దరూ కలిస్తే ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేస్తారు. మధ్యలో ఎవరైనా వెళ్ళి కూర్చున్నా వాళ్ళకు కనపడరు. ఫోన్లో మాట్లాడుకుందామంటే అక్కకు చెవులు సరిగా వినపడవు, వెళ్ళి చూడాల్సిందే.

అయితే కొన్నాళ్ళుగా ఆ ప్రయాణాలు పలచబడ్డాయి. ప్రతివారం వెళ్ళేది కాస్తా వారం విడిచి వారమైంది, తర్వాత నెలకోసారి అయింది. కారు పాతది. పెట్రోలు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. "మీ బండి పెట్రోలు తాగదురా, దాంతో స్నానం చేస్తుంది" అని పెద్దావిడ నవ్వేది గానీ, ఆ నవ్వు వెనక ఏముందో కొడుక్కి తెలుసు. బజార్లో అతనికి కళ్ళద్దాల షాపుంది. ఎవరో గిరాకీ మాటల్లో చెప్పింది విని, బండికి గ్యాస్ కిట్టు పెట్టించాలని నిర్ణయించుకున్నాడు.

"సగం ఖర్చుతో పోతుందమ్మా! ఇక ప్రతి ఆదివారం పెద్దమ్మ దగ్గరికే. నువ్వు చాలు బాబోయ్ అనేదాకా తిప్పుతాను" అన్నాడు. పెద్దావిడ కళ్ళు మెరిశాయి.

బండి మెకానిక్ షెడ్డు నుంచి శనివారం సాయంత్రం వచ్చింది. మర్నాడు పొద్దున్న అతను చిన్నపిల్లాడిలా తల్లిని వాకిట్లోకి తోసుకెళ్ళి, స్టీరింగు పక్కన కొత్తగా అమర్చిన మీట చూపించాడు.

"ముందు పెట్రోలు మీదే స్టార్టవుతుంది. ఇంజను వేడెక్కాక దానంతటదే గ్యాసులోకి మారుతుంది. ఇదిగో, పచ్చ లైటు వెలిగిందా? అదన్నమాట!"

"బాగుందిరా, దీపావళి టపాకాయలా పేలదు కదా?"

"పేలదమ్మా, నీ కొడుకంత నెమ్మది."

కోడలు నవ్వుతూ అత్తగారిని వెనక సీట్లోకి ఎక్కించింది. పెద్దావిడ మెట్ల మీద జారిపడ్డప్పటి నుంచి కుడి మోకాలు సరిగా మడత పడదు. అందుకే ఎప్పుడూ వెనక సీటంతా ఆవిడదే, కాలు బారజాపుకుని కూర్చుంటుంది. కోడలు కుర్చీ మడిచి, డిక్కీ తెరిచి, అలాగే నిలబడిపోయింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

డిక్కీలో సీటును ఆనుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నల్లటి సిలిండరు పడుకుని ఉంది. మిగిలిన చోట్లో ఒక కూరగాయల సంచీ పడుతుందంతే. అతను కుర్చీని నిలువుగా పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు, చక్రాలు పైకి వచ్చేలా తిరగేసి చూశాడు. మూత పడలేదు. షెడ్డులో మెకానిక్ అడిగిన మాట, తను ఇచ్చిన జవాబు రెండూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఇదేమిటండీ? మరి కుర్చీ ఎక్కడ పెడతాం?"

"గ్యాస్ కిట్టంటే ఇంతే. ట్యాంకు ఇక్కడే పెట్టాలిట, వేరే దారి లేదన్నాడు మెకానిక్."

అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి జారిపోయినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. వెనక అద్దంలోంచి తల్లి తనవైపే చూస్తోంది. ఆవిడ ఏమీ అడగలేదు.

"దానికేం లేరా, కుర్చీని వెనక సీట్లో పడెయ్యండి. నేను ముందు కూర్చుంటాను" అంది.

ఆ రోజు అలాగే వెళ్ళారు. ముందు సీట్లో కాలు చాపే వీలు లేక, పెద్దావిడ దారి పొడుగునా పళ్ళ బిగువున కూర్చుంది. ఇంటికొచ్చేసరికి మోకాలు బూరెలా వాచిపోయింది. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ గుమ్మం దగ్గరికి రాలేదు.

"ఇవాళ ఓపిక లేదురా" అంది.

"పైన క్యారియర్ వేయిస్తానమ్మా, వచ్చేవారం కల్లా."

"అలాగే."

క్యారియర్ వేయించడం వచ్చేవారం కాలేదు, ఆ పై వారమూ కాలేదు. బరువైన కుర్చీని ప్రతిసారీ కప్పు మీదికి ఎత్తడం ఎవరివల్ల అవుతుందని ఒకరోజు అనుకున్నాడు, షాపు పనిలో తీరిక లేదని ఇంకోరోజు అనుకున్నాడు. టాక్సీ పిలుస్తానంటే "ఇంట్లో బండుండగా అద్దె బండెందుకురా" అంది తల్లి. అతను రెండోసారి బతిమాలలేదు. అసలు చేయాల్సిన పనేమిటో అతనికి తెలుసు. షెడ్డుకు వెళ్ళి, అమ్మ కుర్చీ సంగతే మర్చిపోయానని మెకానిక్ ముందు ఒప్పుకోవాలి. అందుకు మొహం చెల్లలేదు. మెకానిక్‌తో చెప్తే భార్యకు తెలుస్తుంది, భార్యకు తెలిస్తే తల్లికి తెలుస్తుంది. చిన్న అబద్ధమే అయినా దాన్ని విప్పబోతే ఇల్లంతా ఊడివచ్చేలా కనిపించింది.

విచిత్రమేమిటంటే, గ్యాసు పుణ్యమా అని ఆ బండి మునుపెన్నడూ తిరగనంతగా తిరిగింది. అతను ఫ్రేములు కొనడానికి పొరుగూరి దాకా వెళ్ళొచ్చాడు, స్నేహితులతో సముద్రపొడ్డుకు వెళ్ళొచ్చాడు. కోడలు తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు అందులోనే వెళ్ళేది. ఎవరి కోసం ఇదంతా మొదలైందో ఆ మనిషి మాత్రం ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, బండి వెళ్ళడం, రావడం చూస్తుండేది.

ఒకరోజు షాపుకి పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది.

"మరిదిగారూ, అత్తయ్య ఈమధ్య ఒకటే పరధ్యానంగా ఉంటోంది. పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోతోంది, మాటలు మర్చిపోతోంది. ఆదివారం వస్తే మాత్రం కిటికీ వదలదు. చిన్నత్తయ్యను ఒకసారి తీసుకురండి. ఆవిడతో మాట్లాడితే తేరుకుంటుందని నా ఆశ."

"వస్తాం వదినా. బండికి చిన్న పనుంది, అవగానే వస్తాం."

ఇంటికి వెళ్ళి, "పెద్దమ్మ నిన్ను అడిగిందటమ్మా" అని మాత్రం చెప్పాడు. మిగతాది చెప్తే అమ్మ కంగారు పడుతుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నిజానికి ఆ కంగారు చూస్తూ కూర్చోవాల్సింది తనేనని అతని భయం.

కిట్టు పెట్టిన నాలుగైదు నెలలకు ఒకసారి ఫిల్టరు శుభ్రం చేయించాలి. ఆ పని మీద కోడలే ఒకనాడు ల్యాబు నుంచి వస్తూ షెడ్డుకు వెళ్ళింది. ఇంటికొచ్చి చేతులైనా కడుక్కోకుండా, హాల్లో పేపరు చూస్తున్న భర్త ఎదురుగా నిలబడింది.

"డిక్కీలో ఇంకోరకం ట్యాంకు పెట్టడం కుదరదా అని మెకానిక్‌ని అడిగాను."

అతని చేతిలో పేపరు కదలడం ఆగిపోయింది. "వాడి మాటలకేం గానీ..."

"ఏమన్నాడో చెప్పకముందే భుజాలు తడుముకుంటున్నారేం? గుండ్రటి ట్యాంకు ఉంటుందట. స్టెప్నీ టైరు పెట్టే గుంటలో కూర్చుంటుందట. డిక్కీ ఖాళీగానే ఉంటుందట. మీకు ఆ రోజే చూపించాడట."

"చూపించాడు. మరి స్టెప్నీ ఎక్కడ పెట్టాలి? దారిలో పంక్చరైతే ఏం చేస్తాం?"

"డిక్కీలో పెద్ద సామానేమైనా పెడతారా అని కూడా అడిగాడట. మీరేమన్నారు?"

అతను మళ్ళీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బే, ఏమీ పెట్టం అన్నారట! టైరుకు చోటు ఉండాలని గుర్తుంది. అత్తయ్య కుర్చీకి చోటు ఉండాలని గుర్తులేదు!"

అతను పేపరు విసిరికొట్టి లేచాడు. "అసలు ఎవరి కోసం చేయించానే ఇదంతా? అమ్మ కోసం కాదూ?"

"అమ్మ కోసమే చేశారు. అమ్మను మర్చిపోయి చేశారు. మర్చిపోయారని కాదండీ నా బాధ. మనుషులన్నాక మర్చిపోతారు. మర్చిపోయానని ఆ రోజే ఒక్క మాటంటే సరిపోయేది. మర్నాడే మార్పించేవాళ్ళం. మీ పొరపాటు బయటపడకూడదని ఆవిణ్ణి ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు. ఓపిక లేదని ఆవిడ అంటుంటే నిజమేననుకున్నాను నేను. నేనొక పిచ్చిదాన్ని."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. తల్లి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. అతను చూస్తుండగానే ఆ దీపం ఆరిపోయింది.

మర్నాడు షాపు తెరవకుండా నేరుగా షెడ్డుకు వెళ్ళాడు. మెకానిక్ పల్లెత్తు మాట అనలేదు. "మార్చేద్దాం సార్" అన్నాడంతే. సిలిండరు తీసి, స్టెప్నీ గుంటలో గుండ్రటి ట్యాంకు బిగించాడు. స్టెప్నీ ఇంటి వసారాలోకి చేరింది. ఇంటికొచ్చి కుర్చీ మడిచి లోపలికి తోస్తే, ఎప్పటిలాగే సాఫీగా వెళ్ళి కూర్చుంది. ఇంత చిన్న పని కోసమా ఇన్నాళ్ళు అనుకుంటూ అతను ఆ మూత మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. పెద్దావిడ కాలు బారజాపుకుని, బిస్కెట్ల పొట్లం గుండెకు హత్తుకుని కూర్చుంది.

తలుపు తీసిన పెద్దమ్మ కోడలి మొహంలో వెలుగు లేదు.

"చిన్నత్తయ్యా, ముందే ఒక మాట. ఆవిడ మనుషుల్ని పోల్చుకోవట్లేదు. నన్ను నర్సనుకుంటోంది. అప్పుడే చెప్పాను కదా మరిదిగారితో, మతిమరుపు ఎక్కువవుతోంది, ఒకసారి తీసుకురమ్మని."

పెద్దావిడ తల తిప్పి కొడుకు వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు.

అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది గానీ మొహం ప్రశాంతంగా ఉంది. పెద్దావిడ కుర్చీ తోసుకుంటూ దగ్గరికి వెళ్ళి, "అక్కా" అంది, గట్టిగా, చెవికి వినపడేలా.

అక్క తిరిగి చూసింది. పరాయివాళ్ళు ఇంటికొచ్చినప్పుడు నవ్వే నవ్వు నవ్వింది.

"రండమ్మా, కూర్చోండి. అయ్యో, మీరు కుర్చీ కూడా తెచ్చుకున్నారే!"

తోడబుట్టినదాని నోట "మీరు" అన్న మాట వినేసరికి పెద్దావిడ చేతిలో పొట్లం నలిగింది. కానీ ఆవిడ కూడా నవ్వింది.

"మా చెల్లెలికీ ఇలాంటి కుర్చీయే ఉంది" అంది అక్క.

"అలాగా? ఎక్కడుంటుంది మీ చెల్లెలు?"

"ఈ ఊళ్ళోనే. ఆదివారం వస్తే నా దగ్గరికి వచ్చేది. రావడం మానేసింది. నేనే ఏదో అనుంటాను. నా నోరు మంచిది కాదమ్మా, చిన్నప్పట్నించీ దాన్ని ఏడిపించేదాన్ని."

"మీరేమీ అనలేదు. వాళ్ళ బండి పాడైందట, అందుకే రాలేదు."

"మీకు తెలుసా దాన్ని?"

"బాగా తెలుసు."

అక్క ముందుకు వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అయితే ఒక మాట చెప్పండి దానికి. నాకేం కోపం లేదని చెప్పండి. నేనేదైనా అనుంటే మనసులో పెట్టుకోవద్దని చెప్పండి. చెప్తారు కదా?"

"చెప్తాను. తప్పకుండా చెప్తాను."

గుమ్మం అవతల అతను గోడకు ఆనుకుని, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దావిడ బిస్కెట్లు ఒక్కొక్కటే విరిచి అక్క చేతిలో పెట్టింది. "మా చెల్లెలు కూడా ఇవే తెచ్చేది" అంటూ అక్క ఇష్టంగా తింది.

బయటికొచ్చాక కోడలు వెనక సీట్లో ఒక మూలకు సర్దుకుని, అత్తగారి కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది. అతను కుర్చీ డిక్కీలో పెట్టి, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు గానీ తాళంచెవి తిప్పలేదు.

"అమ్మా, ఆ రోజు మెకానిక్ నన్ను..."

"నాకు తెలుసురా."

"గదిలోంచి విన్నావా?"

"అంతకుముందే తెలుసు. డిక్కీ తెరిచిన రోజే నీ మొహంలో చూశాను. చిన్నప్పుడు పలక పగలగొట్టి దాచేసినప్పుడు కూడా అదే మొహం. నువ్వే చెప్తావులే అని ఎదురుచూశాను. అడిగితే సిగ్గుపడతావని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. నీ సిగ్గు కాపాడబోయి మా అక్కను పోగొట్టుకున్నాను."

"తప్పు నాదమ్మా. నన్ను తిట్టు."

"తిడతాను. ఇవాళ కాదు. ఇవాళ నాకు చేతకాదు." ఆవిడ ముందుకు చెయ్యి చాచి కొడుకు భుజం మీద వేసింది. "ఇకమీదట ఏం జరిగినా నాకు సగం చెప్పకు. మోయలేనని నువ్వే అనేసుకోకు. నేనూ నీ దగ్గర ఏదీ దాచను. కాలు నొప్పి పుడితే నొప్పి అంటాను. రావాలనుంటే రావాలనుంది అంటాను."

అతను ఆ చేతి మీద తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాడు. కోడలు కూడా కళ్ళొత్తుకుంది. కాసేపటికి అతను మొహం తుడుచుకుని, తడి చేత్తోనే తాళంచెవి అందుకున్నాడు.

"ఆగరా" అంది తల్లి. "అప్పుడే బయల్దేరకు. నేనింకా ఏడవలేదు."

అతను తాళంచెవి వదిలేశాడు. వెనక సీట్లో ఆవిడ కోడలి భుజం మీద మొహం దాచుకుని, అక్క ముందు అంతసేపూ పట్టి ఉంచిన ఏడుపును అప్పుడు వదిలింది. ఆవిడ ఏడుపు పూర్తయ్యేదాకా ఆ వీధిలో వాళ్ళ బండి అలాగే నిలబడి ఉంది.