మొజాయిక్ గచ్చు మీద మడుగు

“ఎవురు? ఎవురు దీనికి కారణం? ఇప్పుడే తేలాల!”

దేవరాజులు అరుపుకి, మేడ మీది అద్దె గదిలో షేవింగ్ చేసుకుంటున్న బాలచంద్ర గడ్డం తెగింది. సగం నురగ ముఖంతోనే మెట్లు దిగి పరుగెత్తాడు.

హాల్లో పరిస్థితి ఘోరంగా ఉంది. చిత్తూరు నుంచి బేరానికొచ్చిన బెల్లం వ్యాపారి కాళ్ళు రెండూ సోఫా మీదికి ఎత్తుకుని కూర్చున్నాడు. కింద మొజాయిక్ గచ్చు మీద మడుగు. దాని పక్కనే, ఘనకార్యం చేసినట్టు తోక ఊపుతూ జున్ను. తెల్లటి పొమరేనియన్ పిల్ల.

“రాప్పా ట్రైనరూ, రా! నీ శిష్యురాలు చేసిన పని సూడు!” దేవరాజులు వేలు బాలచంద్ర వైపు తిరిగింది. “‘సరుకు బాగుండాది, ధర గూడా సరే, కానీ...’ అన్నానో లేదో, పెద్దమనిషి చెప్పుల మీద పోసేసింది!”

జున్ను మళ్ళీ వెనక కాళ్ళు వంచబోయింది. దేవరాజులు కూతురు మోహన చటుక్కున దాన్ని ఎత్తుకుంది. వ్యాపారి ఇదే అదనుగా చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలోకి దూకాడు.

“సార్, చిన్నపిల్ల గదా...” అన్నాడు బాలచంద్ర.

“చిన్నపిల్లా? మా అమ్మ ముందర చెయ్యదు. మోహన ముందర చెయ్యదు. నేను నోరు తెరిస్తేనే చేస్తాది! ఇది ఎవురో నేర్పిన పని. గోడకి మేకులు కొట్టొద్దన్నానని నా మీద కసా నీకు?”

“అయ్యో, లేదు సార్!”

“సాయంత్రం లోపల దొంగ ఎవురో తేలాల. లేకపోతే కుక్క మా చిత్తూరు బెల్లం మండీకి కాపలాకి పోతాది. నువ్వు వేరే ఇల్లు సూసుకుంటావు.”

మూలన ఆకూ వక్కా దంచుకుంటున్న దేవరాజులు తల్లి కుప్పమ్మ తల ఎత్తకుండానే అంది. “ముందు ఆ నురగ కడుక్కో నాయనా. సూసేదానికి భయంగా ఉండాది.”

*

పెరట్లో నీళ్ళట్యాంకు కింద బాలచంద్ర, మోహన, జున్ను ముగ్గురూ నిలబడ్డారు. వాన మొదలయ్యేలా ఉంది. శేషాచలం కొండలు మబ్బులో సగం మాయమయ్యాయి.

“నీకు ఒక నిజం సెప్పాల మోహనా. నాకు కుక్కల ట్రైనింగు రాదు. నేనమ్మేది పశువుల టానిక్కులు.”

“తెలుసు.”

“తెలుసా?”

“నీ బ్యాగు మీద ఎద్దు బొమ్మ ఉండాది గదా. కుక్క బొమ్మ లేదు.”

“మరి మీ నాయన ముందర నన్నెందుకు సిఫారసు చేసినావు?”

మోహన ట్యాంకు అంచు నుంచి జారుతున్న మొదటి చినుకుని అరచేత్తో పట్టుకుంది. ఆ చినుకు మీద బాలచంద్రకి విపరీతమైన అసూయ కలిగింది.

“ఏం సూస్తావు? వాన పెద్దదయ్యేలోపల దాన్ని పోయించు,” అంది మోహన, చెవులు ఎర్రబడగా.

బాలచంద్ర గొంతు సవరించుకున్నాడు. సత్యవేడులో ఒక పశువుల డాక్టరు చెప్పిన చిట్కా ఒక్కటే అతని విద్య మొత్తం: బయటికి తీసుకెళ్ళు, రోజూ ఒకటే మాట అను, పని ముగిస్తే బిస్కెట్ పెట్టు.

“కానీ జున్నూ... కానీ.”

జున్ను వెంటనే కూర్చుంది. పని ముగించింది. బిస్కెట్ కోసం తల ఎత్తింది.

ఇద్దరూ కదలకుండా నిలబడిపోయారు. వాన ఇద్దరి మీదా పడుతోంది. ముందు కళ్ళు పెద్దవి చేసింది మోహన.

“బాలా! ఆ మాటేనా?”

“ఆ మాటే.”

“నాయన దినానికి ఎన్నిసార్లంటాడు దాన్ని!” ఆమె నవ్వడం మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయింది. “నేను మద్రాసులో చదువుతానంటే, మంచిదే అన్నాడు. తర్వాత ఆ మాట. బెంగుళూరులో ఉద్యోగం వస్తే, భేషన్నాడు. తర్వాత ఆ మాటే. నీ సంగతి సెప్పినా అంతే గదా.”

“నా సంగతేంది?”

“ఏమీ తెలీనట్టు మొగం పెట్టబాకు. ఆ మేకు కొట్టింది నా ఫోటోకే గదా? నీ గది ఊడ్సేటప్పుడు సూసినా.”

బాలచంద్ర తరఫున కొండల మీద ఉరిమింది.

“పా లోపలికి,” అంది మోహన. “ఇప్పుడే అడుగుతా.”

“ఇప్పుడేనా? ఆయన ఉగ్రంగా ఉండాడే!”

“కుక్క మండీకి, నువ్వు వేరే ఇంటికి పోయినాక అడిగేదానికి నాకు ధైర్యం ఉండదు.”

*

దేవరాజులు కొత్త తెల్లపంచె కట్టుకుని సోఫాలో ఉన్నాడు. తడిసిన ముగ్గురూ వరుసగా నిలబడేసరికి కనుబొమలు ఎత్తాడు.

“దొంగ దొరికినాడా?”

“దొరికినాడు. దానికంటే ముందు ఒక మాట నాయనా,” మోహన ఊపిరి బిగబట్టింది. “నేను బాలచంద్రని చేసుకుంటా.”

కుప్పమ్మ రోకలి ఆగింది.

దేవరాజులు బాలచంద్రని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. వ్యాపారి కదా, అరుపు పక్కన పెట్టి సరుకు తూచాడు.

“పిల్లోడు మంచోడే. ఉద్యోగం ఉండాది. చంద్రగిరోళ్ళు, మనకి తెలిసిన కుటుంబమే. మర్యాద తెలుసు. క...”

మోహన ఒక్క దూకుతో ఆయన నోరు మూసింది. “సాలు నాయనా! ఆడికి ఆపు!”

“ఒప్పేసుకున్నాడు!” కుప్పమ్మ ప్రకటించింది. “మంచోడే, ఉద్యోగం ఉండాది, తెలిసిన కుటుంబం. ఇంకేం కావాల? ముహూర్తం పెట్టించండి.”

“నేనింకా ముగించలేదమ్మా!” దేవరాజులు చేయి తప్పించుకున్నాడు.

“ముగించినావురా. అందరికీ ఇనపడింది.”

“అయితే ముగించు నాయనా,” అంది మోహన. “ఆ తర్వాత ఏం సెప్పబోయినావో సెప్పు. ఇంటా.”

దేవరాజులు నోరు తెరిచాడు. మూశాడు. ఏం చెప్పబోయాడో ఆయనకే తెలియలేదు. ముప్పయ్యేళ్ళ వ్యాపారంలో ముందు ఆ మాట వచ్చేది, దాని వెనక కారణం వెతుక్కుంటూ వచ్చేది. ఈసారి ఎంత వెతికినా కారణం దొరకలేదు. దొరికింది కూతురి ముఖం ఒక్కటే. వాననీళ్ళో కన్నీళ్ళో తెలియకుండా తడిసిపోయి ఉంది.

“ఏం లేదు పాపా,” అన్నాడు చిన్నగా. “మంచోడే.”

ఇంటి మీదే పిడుగు పడ్డట్టు ఉరిమింది. జున్ను కుయ్యోమని ఒక్క గెంతులో వచ్చి దేవరాజులు ఒళ్ళో, కొత్త పంచె మడతల్లో దూరింది. ఆయన తిట్టబోయి, దాని వణుకు చూసి, వీపు మీద చెయ్యి వేశాడు.

“సరే. మండీకి పంపించను. ఆ దొంగ ఎవురో సెప్పప్పా, ఈ గొడవ ఇంతటితో ముగిసిపోతాది.”

బాలచంద్ర చేతులు చాచాడు. “ముందు జున్నుని కిందికి దించండి.”

“దించను. సెప్పు.”

“దాని ముందర ఆ పేరు సెప్పకూడదు.”

“కుక్క ముందర సెప్పకూడని పేరేందిరా? నీళ్ళు నమలబాకు. ఊ, కానీ!”

జున్ను వెచ్చగా, తీరిగ్గా, కొత్త పంచె మీద పని కానిచ్చి, బిస్కెట్ కోసం తల ఎత్తింది.

దేవరాజులు తన ఒడిలోకి చూశాడు. జున్నుని చూశాడు. చివరికి కాబోయే అల్లుడి వైపు చూశాడు.

“అదే మామా,” అన్నాడు బాలచంద్ర నెమ్మదిగా. “ఇప్పుడు మీ నోట్లోనించి వచ్చిందే... ‘కానీ’. అదే దొంగ.”